కన్నవారి జాడ

విదేశములలో పెరిగి పెద్దవారైన మన బిడ్డలు కొందరు, తమ్ము కన్నవారిని వెదకుకొనుచు భారతదేశమునకు వచ్చుచున్నారు. గడచిన శతాబ్దపు చివరి దశకములలో స్వీడన్, డెన్మార్కు, హాలండు, జర్మనీ, ఇటలీ, అమెరికా మున్నగు దేశముల దంపతులు ఇక్కడి శిశుసంరక్షణాలయములనుండి దత్తు తీసికొనిపోయిన పసివారే వీరు. మన భాష వీరిలో అనేకులకు రాదు. చేతిలో ఒక పాత ఛాయాచిత్రము, ఆంగ్లమున టైపుచేసిన ఒకటి రెండు కాగితములు, వానిలో ఒక ఊరిపేరు మాత్రముండును. ఆ పేరు సూర్యాపేట కావచ్చును, కోదాడ కావచ్చును, మిర్యాలగూడ కావచ్చును. అట్టివారు మన వీధికి వచ్చి దారి యడిగిననాడు మనము చేయదగిన సాయమేమి, చేయరాని పనియేమి యనునది ముందుగనే తెలిసికొనియుండుట మంచిది.

దత్తత మనకు క్రొత్తది కాదు. సంతానములేని అన్న తమ్ముని కుమారుని పెంచుకొనుట ప్రతి గ్రామమునను చూచినదే. 1956 నాటి హిందూ దత్తత, భరణముల చట్టము ఆ యాచారమునకొక క్రమము నేర్పరచినది. అట్లు దత్తుపోయిన బిడ్డకు కన్నతల్లి యెవరో, పెంచినతల్లి యెవరో తెలియును. పెండ్లికిని పేరంటమునకును ఇరువురును వత్తురు. విదేశమునకు పోయిన బిడ్డకు మాత్రము ఆ సంబంధము పూర్తిగా తెగినది. నా ముఖము ఎవరి పోలిక? నాకు తోబుట్టువులు కలరా? నన్నేల విడిచిరి? ఈ ప్రశ్నలకు ఇంట బదులు చెప్పువారుండరు. వైద్యుడు వంశములో మధుమేహము కలదా యని యడిగినను తెలియదనియే చెప్పవలసివచ్చును. పెంచినవారిపై ప్రేమ తగ్గి వీరు బయలుదేరుటలేదు; ఈ ప్రశ్నలకు బదులు కావలెనని వచ్చుచున్నారు.

ఈ బిడ్డలు ఏ విధముగా పోయిరో తెలిసిననే వారి జాడ ఎచ్చట దొరకునో తెలియును. విదేశీయులకు మన దేశమున దత్తత తీసికొనుటకు ప్రత్యేక శాసనములేని ఆ దినములలో, 1890 నాటి సంరక్షకుల చట్టము ననుసరించి న్యాయస్థానము వారిని బిడ్డకు సంరక్షకులుగా నియమించెడిది. దత్తత వారి దేశమున పూర్తియయ్యెడిది. ఇందులో అక్రమములు జరుగుచున్నవని లక్ష్మీకాంత్ పాండే అను న్యాయవాది సుప్రీంకోర్టునకు లేఖ వ్రాయగా, 1984 ఫిబ్రవరి 6వ తేదీన న్యాయమూర్తి పి. ఎన్. భగవతి తీర్పు చెప్పుచు కఠిన నియమములు విధించిరి. బిడ్డ యుక్తవయస్సు వచ్చిన పిదప కన్నవారినిగూర్చి తెలిసికొనగోరినచో అందుకు గట్టి అభ్యంతర ముండనక్కరలేదనియు ఆ తీర్పు పలికినది. 1990లో ‘కారా’ యని పిలువబడు కేంద్ర దత్తత సంస్థ ఏర్పడినది. అంతర్దేశీయ దత్తతలనుగూర్చిన హేగ్ ఒడంబడికను భారతదేశము 2003లో ఆమోదించినది.

అయినను చట్టమొక దారిని, ధనమొక దారిని నడచిన సందర్భములున్నవి. 1999లోను, మరల 2001లోను ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున శిశువుల అమ్మకములు బయటపడినవి. నల్లగొండ మున్నగు జిల్లాల లంబాడీ తండాలలోని పేద తల్లులనుండి, ముఖ్యముగా ఆడశిశువులను, దళారులు స్వల్పధనమిచ్చి సేకరించి హైదరాబాదులోని కొన్ని ఆశ్రమములకు చేర్చినట్లు తెలియవచ్చెను. పేదరికము, అధిక సంతానము, ఆడపిల్ల యనుట వంటి కారణములపై కన్నవారు బిడ్డను వదలుకొనుటను రాష్ట్రప్రభుత్వము 2001లో నిషేధించినది. అమెరికాలో న్యాయశాస్త్రాచార్యుడైన డేవిడ్ స్మోలిన్ 1998లో ఈ రాష్ట్రమునుండియే ఇద్దరు అక్కచెల్లెండ్రను దత్తు తీసికొనెను. తల్లి సమ్మతిలేకయే వారు తనకు చేరిరని పిదప తెలిసికొని, భారతదేశపు దత్తత అక్రమములపై 2005లో విస్తృతమైన వ్యాసమును ప్రకటించెను. కనుక వెదకువారు మొదట గ్రహింపవలసిన సత్యమిది: దస్త్రములో వ్రాసినదంతయు నిజమని నమ్మరాదు, అబద్ధమని పారవేయను రాదు. తల్లి విడిచినదని వ్రాసినచోట ఆమె మోసపోయియుండవచ్చును.

వెదకుట ఊరిలో కాక దస్త్రముతో మొదలుకావలెను. దత్తు తీసికొన్న దేశములోని సంస్థయొద్ద ఒక ప్రతి, ఇక్కడి ఆశ్రమమునొద్ద ఒకటి, న్యాయస్థానపు దస్త్రములో మరియొకటి యుండవచ్చును. వీనిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో తేడాలు కనబడును. బిడ్డను కన్నవారే యప్పగించిరని యున్నచో అప్పగింత పత్రమున తల్లి పేరు, ఊరు, సాక్షుల పేర్లు, వ్రేలిముద్ర యుండవలెను. వ్రేలిముద్ర ఏండ్లు గడచినను మారునది కాదు. మారుపేరు వ్రాసినచోటగూడ అదియే నిజము చెప్పగలదు. దొరికిన బిడ్డ యని యున్నచో ఏ పోలీసు ఠాణాలో నమోదైనది, ఏ ఆసుపత్రికి చేర్చిరి యనునది చూడవలెను. పుట్టినతేదీ యని వ్రాసినది పెక్కు సందర్భములలో వైద్యుని అంచనా మాత్రమే.

ఊరిపేరు చదువుటయందును చిక్కులున్నవి. 1985లో మండలములు ఏర్పడుటకు పూర్వపు కాగితములలో సూర్యాపేట తాలూకా, మిర్యాలగూడ తాలూకా యని యుండును. రాష్ట్రము ఆంధ్రప్రదేశ్ అనియు, జిల్లా నల్లగొండ యనియు ఉండును. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడినది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట ప్రత్యేక జిల్లా కాగా, కోదాడ అందులో చేరినది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచినది. కోదాడ రాష్ట్రపు సరిహద్దున నున్నది. దాని కావలి జగ్గయ్యపేట నేడు మరియొక రాష్ట్రము. ఒకే తాలూకాలోని రెండు ఊళ్ల దస్త్రములు రెండు కార్యాలయములలో నుండుట ఇందుచేతనే. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టముతో అనేక తండాలు స్వంత గ్రామపంచాయతీలైనవి. కాని అంతకు ముందటి జననముల పుస్తకము పాత పెద్ద గ్రామపు పంచాయతీలో వెదకవలెను. ఇంటనే పురుడుపోసికొన్న తల్లుల బిడ్డల పేర్లు ఏ పుస్తకమునను లేకపోవచ్చును.

పేర్ల సంగతియు అట్టిదే. ఆంగ్లలిపిలో ద, డ, ధ అను మూడింటికిని ఒకే అక్షరము వాడుట పరిపాటి. ధరావత్, బానోత్, భూక్యా, గుగులోత్ వంటి ఇంటిపేర్లు గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాయబడినవి. అందుచేత ఆ కాగితమును గట్టిగా చదివించి, స్థానికుల చెవితో వినవలెను. కాలమును తేల్చుటకు స్థానిక జ్ఞాపకములే ఆధారము. సూర్యాపేట సమీపమున దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేండ్లకొకసారి జరుగును. గట్టు జాతర జరిగిన ఏడు పుట్టినదని తల్లి చెప్పినచో కొన్ని సంవత్సరములు తొలగిపోవును. సారా నిషేధమునకు ముందా, వెనుకనా యని యడిగినచో 1993 అను గుర్తు దొరకును. తండాలోని వృద్ధురాలికి తెలుగుకన్న తన గోర్‌బోలియే సులభము. ఆ భాష తెలిసిన స్త్రీ తోడుండుట మేలు.

ఇక అన్నిటికన్న సున్నితమైన విషయము తల్లి పరువు. ఆమె తరువాత వేరొకరిని వివాహమాడియుండవచ్చును. ఆ భర్తకును, పిల్లలకును ఈ సంగతి తెలియకపోవచ్చును. కూడలిలో నిలిచి, బిడ్డను ఇచ్చివేసినది ఎవరని బిగ్గరగా అడిగిన ఒక్క ప్రశ్న ఆమె సంసారమును చెదరగొట్టగలదు. ఇంకొక తల్లి, బిడ్డ బ్రతికియున్నదని ఒక్కమాట విన్న చాలునని ముప్పదియేండ్లుగా ఎదురుచూచుచు నుండవచ్చును. ఈ ఇరువురిలో ఆమె ఎవరో ముందుగా మనకు తెలియదు. అందుచేత ఇరువురికిని పనికివచ్చు పద్ధతినే అనుసరింపవలెను.

మన దత్తత నిబంధనలు ఈ రెండు హక్కులను తూచి చెప్పినవి. పదునెనిమిదేండ్లు నిండిన దత్తబిడ్డ తన మూలములను తెలిసికొనుటకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. అంతకు చిన్నవారైనచో పెంచిన తల్లిదండ్రులతో కలిసి పెట్టవలెను. కారా, రాష్ట్ర దత్తత వనరుల సంస్థ, జిల్లా బాలల పరిరక్షణ విభాగము ఇందుకు తోడ్పడవలెను. కాని బిడ్డ హక్కు కన్నవారి గోప్యతకు భంగము కలిగింపరాదు. తన పేరు వెల్లడికారాదని అప్పగించునాడు తల్లి కోరియున్నచో, ఆమె వ్రాతపూర్వకమైన సమ్మతి పొందవలెను. ఆమె వలదన్నను, జాడ దొరకకున్నను, ఏ కారణమున ఏ పరిస్థితులలో విడువవలసివచ్చినదో బిడ్డకు చెప్పవలెను. మూడవవ్యక్తి ఇట్టి వెదకులాట చేయుటను నిబంధనలు అంగీకరింపవు. ధనము తీసికొని తల్లిని చూపెదనని వచ్చువానిని దూరముగా నుంచుట ఇందుచేతనే అవసరము. ఆశతోనున్న మనస్సు పోలికలను త్వరగా చూచును. పేదరికములోనున్న కుటుంబము త్వరగా ఔననును. డి.ఎన్.ఎ. పరీక్ష జరిగి ఫలితము తేలువరకు అమ్మ యని పిలువకుండుట ఇరువురికిని క్షేమము.

కావున అట్టి అతిథి మన యింటికి వచ్చినచో మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టుదము. వారి కాగితములోని ఊరిపేరును, ఇంటిపేరును సరిగా చదివి చెప్పుదము; ఆ ఊరు నేడు ఏ మండలములో, ఏ జిల్లాలో నున్నదో వ్రాసి యిత్తము. సూర్యాపేటలోనో నల్లగొండలోనో ఉన్న బాలల పరిరక్షణ కార్యాలయమునకు వారిని వెంటబెట్టుకొనిపోవుదము. ఇరుగుపొరుగును పిలువవలదు, తల్లి పేరుతో ఛాయాచిత్రమును ఫోనులలో పంపవలదు, పత్రికకు చెప్పవలదు. ఆమె యెవరో తెలిసినను, అతిథికి కాక మొదట కార్యాలయమునకే చెప్పవలెను. అక్కడినుండి ఒక స్త్రీ ఉద్యోగి పోయి, ఒంటరిగానున్న వేళ ఆమెతో మాటలాడి, ఆలోచించుకొనుటకు వ్యవధి యిచ్చిన పిదపనే తక్కినది.

నేటి పేద తల్లి విషయమునను మన బాధ్యత యున్నది. 2015 నాటి చట్టము ప్రకారము బిడ్డను పెంచలేని తల్లి బాలల సంక్షేమ సమితి ఎదుట మాత్రమే అప్పగింప వలెను. మనస్సు మార్చుకొనుటకు రెండు మాసముల గడువుండును. ఆసుపత్రి వాకిట బేరమాడువాడు కనబడినచో 1098 నంబరునకు ఫోనుచేసి చెప్పవచ్చును. నేడు సరిగా వ్రాసిన కాగితమే ముప్పదియేండ్ల తరువాత ఆ బిడ్డకు దారిచూపును.

తండాలోనో, వాడలోనో ఒక తల్లి ఎన్నడో పోయిన బిడ్డనుగూర్చి రహస్యముగా అడిగినచో, ఆమె చెప్పినట్లు ఒక అర్జీ వ్రాసిపెట్టుదము. బిడ్డ పుట్టిన కాలము, తీసికొనిపోయినవారి గుర్తులు, తన నేటి చిరునామా, బిడ్డ వచ్చినచో చూడగోరుచున్నదా లేదా యను మాట అందులో నుండవలెను. దానిని పరిరక్షణ కార్యాలయమున ఇచ్చి, నకలుపై ముద్ర వేయించి ఆమె చేతికిత్తము. ఏనాటికో ఆ బిడ్డ దరఖాస్తు అదే కార్యాలయమునకు వచ్చినచో, తల్లి మాట అక్కడ ముందుగనే యుండును.