పాతమాటల పాండిత్యము

ఆంగ్లభాషలోని అపురూపపదములను, వాడుక తప్పిన మాటలను ఏరికూర్చి కంఠస్థము చేయుట మన యువకులలో నొక విద్యగా పరిణమించినది. పూర్వము విద్యార్థులు నిఘంటువును ముందుంచుకొని వల్లెవేసెడివారు. ఇప్పుడు చేతిలోని ఫోనే దినమున కొక మాటను పంపుచున్నది. సాధనము మారినది గాని వ్యామోహము మారలేదు. ఈ శ్రమ వ్యర్థమని మేము చెప్పబోము. అయితే ఏ మాట ఎందులకు నేర్చుచున్నామో యెరుగక నేర్చినచో అది పాండిత్యము గాక వట్టి బరువే యగును. అమెరికా విద్యకై మన పిల్లలు వ్రాయు జీ.ఆర్.ఈ. పరీక్షలోనుండి సయితము, విడిమాటల నిచ్చి వ్యతిరేకార్థముల నడుగు ప్రశ్నలను 2011లో తొలగించిరి. వాక్యమున మాట యొక్క పోకడ తెలియుటయే ముఖ్యమని పరీక్షకులును గ్రహించిరన్నమాట.

న్యాయస్థానమును చూడుడు. 'మీన్ ప్రాఫిట్స్' అను మాట 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు రెండవ సెక్షనులో నిర్వచింపబడి నేటికిని నిలిచియున్నది. నార్మనుల ఫ్రెంచినుండి వచ్చిన ఈ 'మీన్' అను మాటకు నడిమి దని యర్థము. వ్రాతలో నున్న 'ఎస్' అక్షరము పలుకబడదు. దానిని 'మెస్నె' యని చదివిన క్రొత్త వకీలును చూచి నవ్వుకొనువారు కలరు. కాని ఉచ్చారణలోని తప్పు దిద్దుకొనదగినది. అర్థములోని తప్పు కక్షిదారుని కొంప తీయును. పరుల భూమిని అక్రమముగా ననుభవించినవాడు పొందిన ఆదాయమే గాక, సామాన్యమైన శ్రద్ధ వహించినచో పొందగలిగియుండు ఆదాయమును, దానిపై వడ్డీయు ఇందులో చేరును. అతడు తానై చేసిన అభివృద్ధివలని లాభము మాత్రము చేరదు. 'పొలము బీడు పెట్టితిని గనుక నేనీయవలసిన దేమియు లేదు' అను వాదము చెల్లదని ఈ యొక్క మాట తెలిసిన రైతునకు తెలియును. తెలియనివాడు తన సొమ్మును తానే వదలుకొనును.

'ఎస్చీటు' అనునది మరియొకటి. వారసులు లేక మరణించినవాని ఆస్తి ప్రభుత్వమునకు చెందుట దీని యర్థము. మన రాజ్యాంగము 296వ అధికరణమునందును ఈ మాట కలదు. పూర్వము ఇంగ్లండులో ఇట్టి ఆస్తులను వశపరచుకొను అధికారులకు వచ్చిన అపకీర్తివలననే మోసమను అర్థముగల 'చీటు' అను మాట పుట్టినది. తెలుగువారికి ఈ 'ఎస్చీటు' పరాయిది కాదు. మచిలీపట్టణము కలెక్టరునకును కావలి వేంకట నారాయణప్పకును నడచిన వ్యాజ్యము ప్రీవీ కౌన్సిలు వరకు పోయెను. బ్రాహ్మణుని ధనమును రాజు గ్రహింపరాదని మనుస్మృతి విధించినను, వారసులు లేని బ్రాహ్మణుని ఆస్తియు సర్కారునకు చెందునని 1860లో అచట తీర్పయ్యెను. స్మృతివచన మొకవైపు, ఇంగ్లీషు మాట యొకవైపు, మాటయే నెగ్గెను.

చట్టములోని మాటలకును ఆయుస్సు కలదు. సివిల్ ప్రొసీజరు కోడులోని 'పాపరు' 1976 సవరణతో 'ఇండిజెంటు పర్సను' ఆయెను. 1860 నాటి శిక్షాస్మృతిలో ప్రత్యేకముగా నిర్వచింపబడిన 'థగ్' అను మాట, 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. అయినను పాత తీర్పులను చదువువానికి ఇవి యన్నియు కావలెను.

సీమలో మూలబడిన మాటలు చెన్నపురిలో చిరంజీవులైన విచిత్రమును చూడుడు. అచట దాదాపు మరుగుపడిన 'టిఫిను' ఇచట ప్రతి వీధిలోను ఘుమఘుమలాడుచున్నది. వేల్సు దేశమందలి లానెల్లి పట్టణములో స్టెప్నీ యను వీధి పేరిట 1904 ప్రాంతమున వెలసిన మారుచక్రము, మన కారుల వెనుక 'స్టెపినీ'గా ఇంకను తిరుగుచున్నది. 2002లో కోయంబేడున నిర్మించిన బస్సు నిలయమునకు తొలుత 'మొఫసిల్' అను పేరే పెట్టిరి. అరబ్బీనుండి వచ్చిన ఈ కచ్చేరీ మాటకై లండను వాడు నిఘంటువు వెదకవలెను. మన బస్సు కండక్టరునకు అది నోటిమాట.

ఎదురుదారిన పోయిన మాటలును కలవు. మన పందికొక్కు ఇంగ్లీషున 'బాండికూట్' అయినది. మన పిట్ట ఒక పక్షిజాతికే శాస్త్రనామమైనది. చెన్నరాజధానిలో సివిలు ఉద్యోగము చేసిన బర్నెలును, కర్నలు యూలును ఇట్టి మాటల చరిత్రను కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' 1886లో వెలువడెను. అప్పటికి బర్నెలు గతించి నాలుగేండ్లు. మాటను పుట్టిన ఊరితోను నడచిన దారితోను నేర్చినచో మరపు రాదు.

ఇట్టి శ్రమకు మనయెదుట నొక నిదర్శనము కలదు. సి. పి. బ్రౌను తెలుగున వాడుకలో నున్న అన్యదేశ్యములకు ప్రత్యేకముగా నొక నిఘంటువు కూర్చి 1854లో ప్రకటించెను. తెలుగువాని అర్జీలోని మాట తెలియనిదే వానికి న్యాయము చేయజాలమని ఆంగ్లేయుడైన ఆయన యెరిగెను. తెలుగువాని అర్జీని ఇంగ్లీషున వ్రాయు తెలుగువకీలున కీ బాధ్యత మరియు నెక్కువ గదా!

కావున యువకులకు మా మనవి యొక్కటే. దినమునకు పది మాటలు వలదు, ఒక్కటి చాలును. అది యెచట పుట్టినదో, నేడెవరు వాడుచున్నారో, దానివలన ఎవరికేమి వచ్చునో పోవునో విచారింపుడు. పిమ్మట దానిని ఇంగ్లీషెరుగని ఇంటి పెద్దకు తెలుగున చెప్పిచూడుడు. కక్షిదారునికి తెలుగులో చెప్పలేని మాట వకీలునకు వచ్చినట్లు కాదు. విద్యార్థి విషయమును అంతియే.