నోరు పెగలనప్పుడు చిరునామా చెప్పే బటన్

ఆపదలో ఉన్నవారు ఫోన్ చేస్తే కంట్రోల్ రూమ్‌కు ముందుగా కావలసింది ఒక్కటే: ఎక్కడున్నారు? 1937లో లండన్‌లో 999 అత్యవసర నంబరు మొదలైన నాటి నుంచీ ఇదే చిక్కు. ల్యాండ్‌లైన్ రోజుల్లో నంబరును బట్టి ఇల్లు పట్టుకునేవారు. సెల్‌ఫోన్ వచ్చాక ఆ ఆధారమూ పోయింది. టవర్ ఒక్కటే తెలిస్తే పల్లెల్లో కిలోమీటర్ల మేర వెతకాల్సిందే.

2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో ఓ యువతిపై జరిగిన ఘోరం దేశాన్ని కుదిపేసింది. ఆ తర్వాత, 2016లో, కేంద్రం నిబంధనలు తెచ్చింది. 2017 జనవరి 1 నుంచి అమ్మే ప్రతి ఫోన్‌లో ప్యానిక్ బటన్ ఉండాలంది. కీప్యాడ్ ఫోన్‌లో 5 గానీ 9 గానీ నొక్కిపట్టాలి. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలన్నది అప్పటి నియమం. పోలీసు, ఫైర్, అంబులెన్సులన్నింటికీ ఒకటే నంబరుగా 112ను 2018 నవంబరులో హిమాచల్ ప్రదేశ్ అందరికన్నా ముందు అందుకుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2020లో తెచ్చిన దిశ యాప్‌లో ఫోన్‌ను గట్టిగా ఊపినా కబురు వెళ్లే ఏర్పాటు చేశారు.

112 ఇండియా యాప్‌లో బటన్ నొక్కగానే ఏం జరుగుతుంది? ఫోన్ ఉపగ్రహాల సంకేతాలు అందుకుని తానున్న చోటు లెక్కగడుతుంది. ఆరుబయటైతే తేడా కొన్ని మీటర్లే. కాంక్రీటు కప్పు కింద సంకేతం అందకపోతే చుట్టుపక్కల వైఫైలు, టవర్ల ఆసరా తీసుకుంటుంది. ఆ అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్ మీదుగా దూరంగా ఉన్న సర్వర్లకు చేరతాయి. గస్తీ వాహనాల లొకేషన్లూ అక్కడికే వస్తుంటాయి కాబట్టి, ఏ బండి దగ్గరగా ఉందో సిబ్బందికి తెరమీద కనిపిస్తుంది. బాధితురాలు నోరు విప్పలేకపోయినా బండి కదులుతుంది.

బస్సులు, ట్యాక్సీలకూ ఈ ఏర్పాటు వచ్చింది. 2019 జనవరి నుంచి రిజిస్టరయ్యే ప్రయాణికుల వాహనాల్లో, ఆటోల వంటివి మినహా, ట్రాకింగ్ పరికరం, ప్యానిక్ బటన్ తప్పనిసరి. ఎవరైనా వైరు పీకేసినా పనిచేసేలా ఆ పరికరంలోనే సిమ్, సొంత బ్యాటరీ ఉంటాయి.

అయితే లొకేషన్ ఆపేసి ఉన్నా, ఛార్జింగ్ అయిపోయినా, గస్తీ బండి సకాలంలో రాకపోయినా ఈ సాంకేతికతంతా వృథాయే. బండ్లను, సిబ్బందిని సమకూర్చడం ప్రభుత్వాల బాధ్యత. మన వంతు మనం చేద్దాం. ఫోన్‌ను బట్టి నొక్కే పద్ధతి మారుతుంది కాబట్టి, ఎమర్జెన్సీ సెట్టింగ్ ఈ రోజే తెరిచి చూడండి. అమ్మకు, అమ్మమ్మకు, కాలేజీకెళ్లే పిల్లలకు దగ్గరుండి నేర్పండి.