కొబ్బరికాయ డబ్బులు రెప్పపాటులో ఎలా చేరతాయి?

ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం. గుడి వీధిలో కొబ్బరికాయ కొని, ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేశారు. మీ ఖాతా, కొట్టు ఖాతా ఒకే బ్యాంకులో, కానీ వేర్వేరు కంప్యూటర్లలో ఉన్నాయనుకుందాం. ఇక్కడ తగ్గి అక్కడ పెరగకపోతే? అందుకే రెండూ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. దీన్నే ట్రాన్సాక్షన్ అంటారు.

మరి ఆలస్యం ఎక్కడ? కూడికలు, తీసివేతల్లో కాదు, కబురు పంపడంలో. మామూలుగా అవతలి ప్రాసెసర్ తన పని ఆపి, సందేశం చదివి, జవాబివ్వాలి. ఈలోగా ఆ ఖాతాకు తాళం పడుతుంది. వెనకొచ్చినవాళ్లు ఆగాల్సిందే.

ఆర్‌డీఎంఏ అనే సౌకర్యం ఉన్న నెట్‌వర్క్ కార్డు ఈ తతంగం తప్పిస్తుంది. అవతలి ప్రాసెసర్‌ని కదపకుండానే దాని మెమరీని నేరుగా చదువుతుంది, రాస్తుంది. పక్కింటివాళ్లని లేపకుండా వాళ్ల డబ్బాలోంచి పంచదార తెచ్చుకున్నట్టు! అనుమతి మాత్రం ముందే తీసుకోవాలి సుమా. పని కొన్ని మైక్రోసెకన్లలో ముగుస్తుంది.

ఇంకో చిట్కా ప్రాసెసర్‌లోనే ఉంది. తాళం వేయకుండా పని మొదలుపెడుతుంది. మధ్యలో ఇంకెవరైనా అదే చోట వేలుపెడితే చేసిందంతా రద్దు చేస్తుంది, మళ్లీ మొదలుపెట్టాలి. ఇంటెల్ దీన్ని 2013లో హాస్వెల్ ప్రాసెసర్లతో తెచ్చింది. షాంఘై జియావో టోంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ఆర్‌డీఎంఏనీ, ఈ చిట్కానీ కలిపి డీఆర్‌టీఎం అనే ట్రాన్సాక్షన్ వ్యవస్థను తయారుచేశారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ వారి ఫార్మ్ అనే వ్యవస్థ, ఆర్‌డీఎంఏ సాయంతో 90 కంప్యూటర్ల మీద ఒక పరీక్షలో సెకనుకు 14 కోట్ల ట్రాన్సాక్షన్లు చేసి చూపింది.

ఆర్‌డీఎంఏ పెద్ద డేటా సెంటర్లలో స్థిరపడింది. ఇంటెల్ చిట్కాలో మాత్రం లోపాలు బయటపడటంతో చాలా చిప్‌లలో దాన్ని ఆపేశారు.