ఛాయాచిత్ర పరిష్కరణ

చాలా ఇళ్లలో గోడకు వేలాడుతూనో, పెట్టె అడుగున పట్టుబట్టల మడతల నడుమనో ఒక పాత ఛాయాచిత్రం ఉంటుంది. తాతగారి వివాహం నాటిదో, నాయనమ్మ చిన్ననాటిదో అయిన ఆ చిత్రానికి అంచులు చిరిగి ఉంటాయి. నడుమ ఒక మడత గీత పడి ఉంటుంది. నలుపు తెలుపుల స్థానంలో పసుపు ఛాయ కమ్ముకొని ఉంటుంది. నెగెటివ్ ఏనాడో పోయింది కనుక అటువంటిది లోకంలో మరొకటి లేదు. దానిని స్కానర్ ద్వారా ఇంటి కంప్యూటర్‌లోనికి ఎక్కించి బాగుచేయాలని మీబోటి యువతకు అనిపించడం సహజం. అప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవాలనే ప్రశ్న తలెత్తుతుంది.

ఎవరిని అడిగినా మొదట వినిపించే సమాధానం 'ఫోటోషాప్'. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న థామస్ నోల్ 1987లో దీనికి బీజం వేశాడు. అతని సోదరుడు జాన్ నోల్ చేయి కలిపాడు. అడోబీ సంస్థ 1990లో దానిని విడుదల చేసింది. పత్రికా కార్యాలయాలలోనూ, స్టూడియోలలోనూ అది ఎంతగా పాతుకుపోయిందంటే, చిత్రాన్ని మార్చడమనే పనికే ఆ పేరు స్థిరపడిపోయింది. దాని సామర్థ్యాన్ని శంకించవలసిన పని లేదు. అయితే గ్లాసెడు పాలు కాచుకోవడానికి పెళ్లివారి గుండిగను పొయ్యి మీదికి ఎక్కించడం అవసరమా అన్నదే ఆలోచించవలసిన విషయం.

ఇంటి అవసరాలు పరిమితమైనవి. వంకరగా వచ్చిన చిత్రాన్ని నిలువుగా సరిచేయడం, అనవసరమైన భాగాన్ని కత్తిరించడం, వెలుగునీడలను సవరించడం, గీతలను, మరకలను తొలగించడం, దరఖాస్తులో అడిగిన కిలోబైట్లకు ఫోటోను కుదించడం, చిత్రం కింద పేర్లు రాయడం - ఇంతే. వీటిలో తేలికపాటి పనులకు చేతిలోని ఫోను కూడా చాలు. పాత చిత్రాన్ని పునరుద్ధరించే సందర్భంలోనే ఎంపికకు నిజమైన ప్రాధాన్యం ఏర్పడుతుంది.

తెలుగులో 'పరిష్కరణ' అన్న మాటకు ఒక చరిత్ర ఉంది. తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించే పండితుడు మూలపత్రం మీద గంటం పెట్టి దిద్దుబాట్లు చేయడు. దొరికిన ప్రతులను సరిపోల్చి, శుద్ధప్రతిని వేరుగా రాసుకొంటాడు. తాను స్వీకరించని పాఠాన్ని అధోజ్ఞాపికలో చూపుతాడు. రేపు మరొక పండితుడు వచ్చి ఆ నిర్ణయం పొరపాటని నిరూపించడానికి వీలుగా మూలం అలాగే మిగిలి ఉంటుంది. ఛాయాచిత్రం విషయంలోనూ ఈ మర్యాదను పాటించగలిగే సాఫ్ట్‌వేరే మనకు కావలసినది.

ఆ మర్యాదకు ఆధారం 'లేయర్' అనే ఏర్పాటు. చిత్రం మీద పారదర్శకమైన కాగితం పరచి, దిద్దుబాటంతా ఆ కాగితం మీదే చేసినట్లు ఊహించండి. నచ్చకపోతే కాగితం తీసివేయవచ్చు. అడుగున ఉన్న చిత్రం చెక్కుచెదరదు. లేయర్లు లేని సాఫ్ట్‌వేర్ ఎంత సులభంగా ఉన్నా పాత చిత్రాలకు తగదని నా అభిప్రాయం.

దీనితో ముడిపడినదే ఫైలు రూపం. మనం నిత్యం చూసే జేపెగ్ పద్ధతి 1992లో ప్రమాణంగా ఏర్పడింది. అది చిత్రాన్ని 8 అడ్డం, 8 నిలువు బిందువుల చిన్న గళ్లుగా విభజించి, కంటికి అంతగా ఆనని వివరాలను వదలివేసి ఫైలును కుదిస్తుంది. పంపుకోవడానికి ఇది ఎంతో సౌకర్యం. కాని మార్చి భద్రపరచిన ప్రతిసారీ మరికొంత వివరం జారిపోతుంది. వ్రాయసకాడు మారిన కొద్దీ తప్పులు పెరిగిన ప్రతి వంటిదే ఇదీ. కాబట్టి స్కాన్ చేసిన మొదటి ప్రతిని వివరం నష్టపోని టిఫ్ లేదా పీఎన్‌జీ రూపంలో భద్రపరచి, జేపెగ్‌ను చివరగా, పంచుకోవడానికి మాత్రమే తయారుచేయాలి.

ఇక సాఫ్ట్‌వేర్ ఆయుర్దాయం మాట. పికాసా అనే సాఫ్ట్‌వేర్‌ను గూగుల్ సంస్థ 2004లో కొని ఉచితంగా అందించింది. అది మూలచిత్రాన్ని ముట్టుకోకుండా, మార్పుల వివరాలను వేరే చిన్న ఫైలులో రాసుకొనేది. ఎంతో మంచి పద్ధతి. కాని ఆ చిన్న ఫైలును చదవగలిగినది పికాసా ఒక్కటే. 2016లో గూగుల్ దానిని నిలిపివేసింది. మార్పులను చిత్రంలో కలిపి భద్రపరచుకోనివారికి ఆ శ్రమ దక్కడం కష్టమైంది. అడోబీ సంస్థ 2013లో, ఫోటోషాప్ కొత్త వెర్షన్లను ఒక్కసారి కొని ఉంచుకొనే పద్ధతికి స్వస్తి చెప్పి, చందా పద్ధతిని ప్రకటించింది. చందా ఆగితే సాఫ్ట్‌వేర్ ఆగుతుంది. నెలనెలా ఆదాయం తెచ్చే వృత్తికి అది భారం కాదు. ఏడాదికి నాలుగు చిత్రాలు దిద్దుకొనే కుటుంబానికి మాత్రం భారమే.

"కంప్యూటర్‌తో పాటు అదీ వేసి ఇస్తాం" అనే దుకాణాలు లేకపోలేదు. అలా వేసేది చాలా సందర్భాలలో అనుమతి లేని నకలు. 1957 నాటి మన గ్రంథస్వామ్య చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములను సాహిత్య రచనల కోవలోనే చేర్చింది. పుస్తకాన్ని దొంగతనంగా అచ్చువేయడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. పైగా అటువంటి నకళ్ల వెంట వైరస్‌లు కూడా రావచ్చు.

ఇన్నీ ఆలోచించినప్పుడు ఇంటికి తగినదిగా నాకు తోచేది గింప్. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ దీనిని 1995లో ప్రారంభించారు. విండోస్, లినక్స్, మాక్ మూడింటిలోనూ పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. దీని ప్రోగ్రామును ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. లేయర్లు ఉన్నాయి. చిరుగులను పూడ్చడానికి క్లోన్, హీల్ అనే పరికరాలు ఉన్నాయి. క్లోన్ పక్కభాగాన్ని ఉన్నదున్నట్లు తెచ్చి అతికిస్తుంది. హీల్ అలా తెచ్చినదానిని చుట్టుపక్కల వెలుగుకు అనుగుణంగా మలుస్తుంది. చెంప మీద గీతకు హీల్, చీర అంచు మీద చిరుగుకు క్లోన్ సాధారణంగా నప్పుతాయి. 2025లో వచ్చిన 3.0 వెర్షన్‌లో వేసిన ఫిల్టర్లను తరువాత కూడా మార్చుకొనే సౌకర్యం చేరింది. అయితే గింప్ తొలినాళ్లలో చికాకు పెడుతుంది. ఏ పరికరం ఎక్కడ ఉందో వెతుక్కోవడానికే రెండు మూడు రోజులు పడుతుంది. అంత ఓపిక లేనివారికి, విండోస్ వాడేవారికి, పెయింట్ డాట్ నెట్ తేలిక. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ప్రాజెక్టుగా 2004లో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌లోనూ లేయర్లు, క్లోన్ సౌకర్యం ఉన్నాయి.

కంప్యూటర్ శక్తి ఎంత ఉండాలన్నది లెక్క కట్టి చూడవచ్చు. 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు ఉన్న చిత్రాన్ని అంగుళానికి 600 బిందువుల చొప్పున స్కాన్ చేస్తే మొత్తం 86,40,000 బిందువులు ఏర్పడతాయి. ఒక్కొక్కదానికి 3 బైట్ల చొప్పున దాదాపు 26 మెగాబైట్లు. ప్రతి లేయరూ ఇంచుమించు అంత చోటు కోరుతుంది. 8 గిగాబైట్ల మెమరీ ఉన్న సామాన్య కంప్యూటర్‌కు ఇది పెద్ద బరువు కాదు.

కృత్రిమ మేధతో పనిచేసే పరికరాలు నేడు విరివిగా వచ్చాయి. ఫోటోషాప్‌లో కూడా 2023లో ఇటువంటి సౌకర్యం చేరింది. చెదిరిన ముఖాన్ని క్షణంలో నున్నగా, స్పష్టంగా చూపుతాయి. కాని ఆ కనుబొమలు ఎవరివి? చిత్రంలో చెరిగిపోయిన భాగాన్ని యంత్రం ఎరగదు. తాను నేర్చుకొన్న లక్షల ముఖాల ఆధారంగా పొసగే ముఖాన్ని కల్పిస్తుంది. సాహిత్యంలో దీనిని ప్రక్షిప్తం అంటాం. పూరించడమే తప్పని నేను అనను. పోతన భాగవతంలో శిథిలమైనవని చెప్పే భాగాలలో పంచమ స్కంధాన్ని గంగన, షష్ఠ స్కంధాన్ని ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధాలను వెలిగందల నారయ రచించారు. స్కంధాంత గద్యలలో ఎవరి పేరు వారు చెప్పుకొన్నారు. అందుచేతనే ఏది పోతన రచనో, ఏది కాదో నేటికీ మనకు తెలుస్తున్నది. యంత్రం పూరించిన చిత్రానికి అటువంటి గద్య ఉండదు. ఆ పూరణను వేరే లేయర్‌లో ఉంచి, ఫైలు పేరులో 'పూరించినది' అని రాయడం మన పని. నాయనమ్మను చూడని మనుమరాలికి ఆ చిత్రమే నాయనమ్మ కదా.

చిత్రం కింద పేర్లు తెలుగులో రాయదలచినవారు సాఫ్ట్‌వేర్‌ను ముందుగా పరీక్షించాలి. 'స్త్రీ', 'లక్ష్మి', 'రాష్ట్రం' అనే మూడు మాటలు యూనికోడ్‌లో టైపు చేసి చూడండి. ఒత్తులు అక్షరం కింద కుదురుగా అమరితే సరి. హల్లుల పక్కన పొల్లులుగా విడిపోతే ఆ సాఫ్ట్‌వేర్ మన లిపికి సిద్ధంగా లేదన్నమాట. ఫోటోషాప్ పాత వెర్షన్లలో ఈ ఇబ్బంది ఉండేది. గింప్‌లో ఒత్తులు సవ్యంగా కూర్చబడతాయి.

స్థాపించుకొన్న తరువాత విలువైన చిత్రంతో పని మొదలుపెట్టవద్దు. చిరిగిన పాత క్యాలెండర్ బొమ్మనొకదానిని స్కాన్ చేసి, దాని నకలు మీద వారం రోజులు గీతలు చెరపడం, పేరు రాయడం అభ్యసించండి. అప్పటికీ చేతికి అలవాటు కాకపోతే రెండవదానిని ప్రయత్నించండి. రెండూ ఉచితమే కాబట్టి మారడానికి ఖర్చేమీ లేదు.