పెల్లెట్ స్మోకరా, సిరామిక్ బొగ్గు గ్రిల్లా?
పెద్దవారున్న ఇంట్లో ఏది మేలు?

పిల్లలు అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు మన మధ్య చాలా ఉన్నాయి. తల్లిదండ్రులు వేసవిలో అక్కడికి వెళ్లి నాలుగైదు నెలలు ఉండి వస్తుంటారు. మే నెలాఖరులో వచ్చే మెమోరియల్ డే మొదలుకొని సెప్టెంబరు ఆరంభంలో వచ్చే లేబర్ డే వరకు పెరట్లో మాంసం కాల్చుకుని పదిమందితో కలిసి తినడం ఆ దేశపు అలవాటు. మనవారు కూడా ఆ అలవాటును ఇష్టంగా అందుకున్నారు. అయితే పొయ్యి కొనే సమయానికి ఒక ప్రశ్న వస్తుంది. కట్టె గుళికలతో నడిచే పెల్లెట్ స్మోకర్ కొనాలా, బొగ్గుతో మండే సిరామిక్ గ్రిల్ కొనాలా?

దుకాణంవారు రుచి గురించి, ధర గురించి చెబుతారు. కానీ నాన్నగారికి ఉబ్బసం, అమ్మగారికి బీపీ, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నప్పుడు చూడవలసిన సంగతులు మరికొన్ని ఉన్నాయి. వాటిని ఇక్కడ వివరిస్తున్నాము.

రెండూ ఎలా పనిచేస్తాయి?

పెల్లెట్ స్మోకర్ 1980లలో ఒరెగాన్ రాష్ట్రంలో పుట్టింది. దానిని తయారుచేసినవారు జో ట్రేగర్. రంపపు పొట్టును గట్టిగా ఒత్తి చేసిన, పెన్సిలంత లావు చిన్న గుళికలే పెల్లెట్లు. వీటిని పక్కనున్న డబ్బాలో పోస్తాము. కరెంటుతో తిరిగే ఒక మర వాటిని కొంచెం కొంచెంగా నిప్పుగిన్నెలోకి తోస్తుంది. ఫ్యాను గాలి విసురుతుంది. ఎంత వేడి కావాలో మీట తిప్పి పెడితే యంత్రమే చూసుకుంటుంది. నిప్పుకూ మాంసానికీ మధ్య ఒక రేకు ఉంటుంది కాబట్టి కొవ్వు సాధారణంగా మంట మీద పడదు, పక్కనున్న చిన్న బకెట్టులోకి జారిపోతుంది.

సిరామిక్ గ్రిల్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దీని మూలం జపాన్ దేశపు కమాడో పొయ్యి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జపానులో పనిచేసిన అమెరికా సైనికులు వీటిని తమ దేశానికి తెచ్చుకున్నారు. బిగ్ గ్రీన్ ఎగ్ అనే పేరున్న సంస్థ 1974లో అట్లాంటాలో మొదలైంది. మందపాటి గోడలు వేడిని పట్టి ఉంచుతాయి. మన తందూరు సంగతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. కింద ఒక గాలి రంధ్రం, పైన ఒక గాలి రంధ్రం ఉంటాయి. ఎక్కువ తెరిస్తే మంట పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది. కరెంటు అక్కరలేదు. ఒకసారి నింపిన బొగ్గుతో తక్కువ వేడి మీద 12 గంటలకు పైగా నడుస్తుంది.

పనిలో తేడా

10, 12 గంటలు నిదానంగా ఉడకవలసిన పెద్ద మాంసపు ముక్కకు పెల్లెట్ స్మోకర్ సుఖం. వేడి దానంతటదే నిలకడగా ఉంటుంది, పక్కన కూర్చోనక్కరలేదు. అయితే దీనికి ప్లగ్గు కావాలి, పెల్లెట్లు తడిస్తే ఉబ్బి పొడిపొడిగా విడిపోయి మరలో ఇరుక్కుంటాయి. మధ్యలో కరెంటు పోతే మంట ఆగిపోతుంది, సగం ఉడికిన మాంసం గోరువెచ్చగా ఉండిపోతుంది. అది ప్రమాదం. కారణం ముందు చెబుతాము.

తందూరీ కోడికి, నాన్ రొట్టెకు కావలసిన పెద్ద వేడి సిరామిక్ గ్రిల్ ఇస్తుంది. 350 డిగ్రీల సెల్సియస్ వరకూ పోగలదు. కానీ గాలి రంధ్రాలు సరిచేయడం నేర్చుకోవాలి. ఒకసారి వేడి పెరిగితే త్వరగా తగ్గదు. బాగా కాగినప్పుడు మూత ఒక్కసారిగా ఎత్తితే లోపలికి గాలి చొరబడి మంట ముఖం మీదికి ఎగసిపడుతుంది. ముందు రెండు మూడు అంగుళాలు ఎత్తి, కొన్ని క్షణాలు ఆగి, తరువాత పూర్తిగా తెరవాలి. పెద్ద గ్రిల్ బరువు 70 కిలోల పైమాటే. పెద్దవయసువారు దానిని ఒంటరిగా జరపడానికి పూనుకోకూడదు.

పొగ ఎవరికి తగులుతుంది?

కట్టె పొగ, బొగ్గు పొగ రెండింటిలోనూ కంటికి కనబడని సన్నని రేణువులు ఉంటాయి. ఇవి ఊపిరితిత్తుల లోతుకు చేరి ఉబ్బసాన్ని, ఆయాసాన్ని పెంచుతాయి, గుండె జబ్బున్నవారికి హాని చేస్తాయి. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు వంట చేసిన మన తల్లులలో దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు ఎందుకు కనబడుతుందో దీనినిబట్టి అర్థం చేసుకోవచ్చును.

పెల్లెట్ స్మోకర్ అంటించినప్పుడు, ఆర్పినప్పుడు పొగ ఎక్కువ, మధ్యలో తక్కువ. సిరామిక్ గ్రిల్ లోనూ మొదటి 15, 20 నిమిషాలు తెల్లని దట్టమైన పొగ వస్తుంది. అది పలుచబడిన తరువాతే మాంసం పెట్టాలి. రెండింటి విషయంలోనూ నియమం ఒకటే: ఉబ్బసం ఉన్నవారు, గర్భవతులు, పసిపిల్లలు గాలి వాలుకు కూర్చోకూడదు. ఇన్హేలరు వాడేవారు దానిని దగ్గర ఉంచుకోవాలి.

పొగ లేని నిప్పు మరింత ప్రమాదం

ఇది అన్నిటికంటె ముఖ్యమైన మాట. గాలి చాలకుండా మండే బొగ్గు నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ కు ఇది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మనిషి మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం అంటాడు, తరువాత మగతగా పడుకుంటాడు. పడుకున్నవాడు లేవకపోవచ్చు.

వాన వచ్చిందని గ్రిల్ ను గరాజులోకి తేవడం, చలి వేస్తోందని ఆరుతున్న నిప్పులను ఇంట్లోకి తేవడం ప్రాణాంతకం. గరాజు తలుపు తెరిచి ఉంచితే చాలదు. టెంటులో కూడా పనికిరాదు. పెల్లెట్ స్మోకర్ కు కరెంటు ఉంది కదా అని లోపల పెట్టుకోకూడదు. అది కూడా కట్టె మంటే.

మన వైపు బాలింత గదిలో తలుపులు మూసి నిప్పుల కుంపటి పెట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. పొగ రావడం లేదు కదా అనుకుంటారు. ఎర్రగా కణకణలాడే బొగ్గులో కూడా ఇదే వాయువు ఉంటుంది. తల్లికి, బిడ్డకు వెచ్చదనం కావాలంటే దుప్పటి, టోపీ, తల్లి ఒడి చాలును. దయచేసి కుంపటి వద్దు.

మరొక సంగతి. కోవిడ్ తరువాత చాలా ఇళ్లలో వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు ఉంది. ఈ విషవాయువు సోకినవారికి అది 98, 99 అని మామూలుగానే చూపించవచ్చు. దానిని నమ్మి ఊరుకోకూడదు. అనుమానం వస్తే మనిషిని వెంటనే ఆరుబయటికి తెచ్చి, అక్కడైతే 911కి, ఇక్కడైతే 108కి ఫోను చేయాలి. అమెరికాలోని ప్రతి ఇంట్లోనూ పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తూ ఉండాలి.

మాడిన ముక్క సంగతి

మాంసం బాగా వేడెక్కి నల్లబడినప్పుడు, కొవ్వు నిప్పు మీద కారి ఆ పొగ తిరిగి మాంసానికి పట్టినప్పుడు, కొన్ని హానికర రసాయనాలు తయారవుతాయి. జంతువుల మీద జరిగిన పరీక్షలలో ఇవి క్యాన్సర్ కలిగించాయి. మనుషులలో ఎంత తింటే ఎంత హాని అన్న లెక్క ఇంకా తేలలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో, నిలువ కోసం ఉప్పు పెట్టి, పొగబెట్టి తయారుచేసే మాంసాలను క్యాన్సర్ కారకాలుగాను, మేక, గొర్రె, గొడ్డు, పంది మాంసాలను బహుశా క్యాన్సర్ కారకాలుగాను వర్గీకరించింది.

ఈ విషయంలో పెల్లెట్ స్మోకర్ కు కొంత అనుకూలత ఉంది. వేడి తక్కువ, కొవ్వు మంట మీద పడదు. సిరామిక్ గ్రిల్ లో కూడా బొగ్గుకు పైన సిరామిక్ పలక పెట్టి వండితే ఇదే మేలు కలుగుతుంది. పలక తీసివేసి నేరుగా కాల్చినప్పుడే మాడుతుంది. అయితే గంటల తరబడి పట్టిన పొగ కూడా పూర్తిగా నిర్దోషి కాదు. కాబట్టి పొయ్యి ఏదైనా ఇది పండుగనాటి వంటగా ఉంటే మంచిది, ప్రతి వారపు వంట కాకూడదు. ముందుగా పెరుగు, నిమ్మరసం, అల్లం వెల్లుల్లిలో నానబెట్టండి. తరచుగా తిప్పండి. నల్లబడినదానిని కోసి పారవేయండి.

లోపల ఉడికిందా?

పొగ తగిలిన మాంసం లోపల పచ్చిగా ఉన్నా పైకి ఎర్రగా, ఉడికినట్టు కనబడుతుంది. రంగును నమ్మవద్దు. గుచ్చి చూసే థర్మామీటరు వాడాలి. కోడికి 165 డిగ్రీల ఫారెన్ హీట్, అంటే 74 సెల్సియస్ రావాలి. కైమాకు 160 ఫారెన్ హీట్ కావాలి. మేక, గొర్రె మాంసపు ముక్కలకు 145 వచ్చిన తరువాత 3 నిమిషాలు ఆగాలి. 40 నుండి 140 ఫారెన్ హీట్ మధ్య సూక్ష్మక్రిములు వేగంగా పెరుగుతాయి. గడ్డకట్టిన మాంసాన్ని పూర్తిగా కరగకుండా స్మోకర్ లో పెట్టకూడదని చెప్పేది అందుకే. కరెంటు పోయి మంట ఆగినప్పుడు మాంసాన్ని వెంటనే ఓవెన్ లోకి మార్చాలి. వండినది 2 గంటలకు మించి, బాగా ఎండగా ఉన్నరోజు గంటకు మించి, బయట ఉంచకూడదు.

షుగరు ఉన్నవారు సీసాలో అమ్మే తియ్యని సాసు విషయంలో, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవారు పైన పట్టించే ఉప్పు మసాలా విషయంలో జాగ్రత్తపడాలి. వారి ముక్కలకు విడిగా నిమ్మకాయ, మిరియాలు, కొత్తిమీర పట్టిస్తే సరిపోతుంది.

మరి ఏది కొనాలి?

ఇంట్లో ఆయాసం ఉన్నవారు ఉండి, వంట చేసేవారికి తీరిక తక్కువైతే పెల్లెట్ స్మోకర్ మేలని మా అభిప్రాయం. నిప్పు దగ్గర నిలబడే ఓపిక, నేర్చుకునే ఇష్టం ఉన్నవారు ఒకరుండి, తందూరీ వంటలు ఎక్కువగా కోరుకునే ఇల్లయితే సిరామిక్ గ్రిల్ తీసుకోవచ్చు, దానితోపాటు పలక తప్పక కొనాలి. అపార్టుమెంటు బాల్కనీలో ఉండేవారికి రెండూ తగవు. చాలాచోట్ల నిబంధనలు కూడా ఒప్పుకోవు. ధరలో ఖరీదైన రకానికి ఆశపడేకంటె ఒక మంచి థర్మామీటరు, ఒక అలారం కొనడం తెలివైన ఖర్చు.

మరువకూడనివి

1. గ్రిల్ ఇంటి గోడకు కనీసం 10 అడుగుల దూరంలో, ఆరుబయటే ఉండాలి. పిల్లలకు 3 అడుగుల హద్దు గీయండి.

2. తీగల బ్రష్షుతో తోమితే ఊడిన తీగ ముక్క మాంసంతోపాటు గొంతులోకి, పేగులోకి పోవచ్చు. ఇలా ఆసుపత్రి పాలైనవారి గురించి అమెరికా ఆరోగ్యశాఖకు చెందిన సీడీసీ 2012లో హెచ్చరించింది. చెక్కతో గీకడం మంచిది.

3. పెల్లెట్ స్మోకర్ లోని కొవ్వు బకెట్టును, రేకును తరచు శుభ్రం చేయండి. పేరుకున్న కొవ్వు అంటుకుంటుంది.

4. వంట గదులకు అమ్మే పెల్లెట్లే వాడండి. ఇల్లు వెచ్చబెట్టే పొయ్యిలకు అమ్మేవి ఆహారానికి పనికిరావు.

5. బూడిదలో నిప్పు ఒకటి రెండు రోజులు దాగి ఉండగలదు. మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, పూర్తిగా చల్లారిన తరువాతే పారవేయండి.

ఈ ఏడు పిల్లల దగ్గరకు వెళ్లేవారు ఈ పేజీని వెంట తీసుకువెళ్లండి. వెళ్లనివారు ఫోనులో చదివి వినిపించండి. ఇంకేమైనా సందేహాలుంటే, తరువాత మీరు ఆసుపత్రికి వచ్చినప్పుడు వైద్యులనుగాని నర్సులనుగాని తప్పక అడగండి.