చూపులేని కంటి కాలజ్ఞానము

చూపులేనివారికి రాత్రియైననేమి, పగలైననేమి అను మాట మన యిండ్లలో ఎవరో యొకరు అనుచునే యుందురు. అనువారి మనస్సులో జాలియే తప్ప దురుద్దేశము లేకపోయినను, ఆ మాట ఒక నిజమైన వ్యాధిని కంటబడనీయకుండ చేయుచున్నది. వెలుతురు సైతము తెలియనంతగా చూపు పోయినవారిలో సగము మందికి పైగా ఈ వ్యాధి యుండునని పరిశోధకుల అంచనా. కొన్నాళ్ళు వారు అందరివలెనే రాత్రి పడుకొని తెల్లవారగనే లేతురు. పిమ్మట నిద్రవేళ పన్నెండింటికి, రెండింటికి, తెల్లవారుజామునకు జరుగుచు పోయి, తుదకు మిట్టమధ్యాహ్నము బడిలోనో ఆఫీసులోనో కూర్చున్నచోటనే తల వాలిపోవును. మరికొన్ని వారములకు ఎవరును ఏ మందును ఈయకయే నిద్ర మరల రాత్రికి చేరును. కుదుటబడినదిగదా యని యింటివారు సంతోషించునంతలో మరల జారుట మొదలగును. "పగలంతా పడుకుంటే రాత్రి నిద్రెక్కడ పడుతుందిరా" అని తల్లి మందలించును. దిగులువలన నిద్రపట్టుట లేదని చుట్టములు తేల్చుదురు. వైద్యుడు సైతము తొందరలో నుండెనేని నిద్రమాత్ర వ్రాసియిచ్చి పంపివేయును. సోమరితనమును గాని దిగులును గాని ఇందులో వెదకనక్కరలేదు.

మెదడు అడుగుభాగమున, రెండు కన్నులనుండి వచ్చు నాడులు ఒకదానినొకటి దాటుకొనిపోవు చోటికి కొంచెము పైగా, సుమారు 20,000 నాడీకణముల చిన్న గుంపు ఒకటి కలదు. నిద్రకును మెలకువకును, ఒంటివేడిమి హెచ్చుతగ్గులకును, పలు హార్మోనుల రాకపోకలకును వేళలు నిర్ణయించునది అదియే. అయితే ఈ లోపలి గడియారము ఒక చుట్టు తిరుగుటకు సరిగా 24 గంటలు తీసికొనదు. సగటున పది పన్నెండు నిమిషములు అదనముగాను, కొందరిలో అరగంటయు అంతకు మించియు అదనముగాను తీసికొనును. గోడగడియారము దినమునకు పదినిమిషములు వెనుకబడుచున్నను, ప్రతి ఉదయము రేడియోలో వేళ విని ముల్లు సరిచేయు నింటిలో ఆ లోపము ఎవరికిని పట్టదు. మనకు ఆ రేడియో ఉదయకాలపు వెలుతురు. కంటిద్వారా ఆ కబురు అందనివాని గడియారము దినమునకు అరగంట చొప్పున జారినచో, 48 దినములకు గాని అతని రాత్రియు లోకపు రాత్రియు మరల ఒకటి కావు.

ఈ సంగతిని లోకమునకు స్పష్టముగా చూపినది, 1977లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మైల్స్ ప్రభృతులు ఒక అంధుని గూర్చి ప్రకటించిన వ్యాసము. అతడు నలుగురి నడుమ ఉద్యోగము చేసికొనుచు బ్రతుకుచున్నవాడు. మానసికముగా ఏ లోపమును లేనివాడు. అతని ఒంటివేడిమియు, చురుకుదనమును, కార్టిసాలు స్రావమును 24.9 గంటల కొకమారు తిరుగుచున్నట్లు కొలతలలో తేలినది. నిర్ణీతవేళలకు పడుకొనజేసి, నిర్ణీతవేళలకు లేపి, అతనిని 24 గంటలకు కుదుర్చవలెనని చేసిన ప్రయత్నము ఫలింపలేదు. చంద్రుడు దినదినమును సుమారు రెండు ఘడియలు ఆలస్యముగా ఉదయించునని ఎఱిగిన మనవారికి ఈ లెక్క వినగనే మరియొకటి తట్టును. ఆ పరిశోధకులకును తట్టినది. అతని దినము చాంద్రదినముతో సరిపోవుటయే గాక, అతనికి నిద్రవచ్చు వేళ ఆ తీరమున సముద్రపు పాటువేళతో కలియుచున్నదని కూడ వారు వ్రాసిరి. జ్యోతిష్కులు ఇందుకు పొంగిపోనక్కరలేదు. తరువాత పరిశీలింపబడిన అంధులలో ఒక్కొక్కరికి ఒక్కొక్క నిడివి కానవచ్చినది, కొందరికి 24 గంటలకు లోపుగా సైతము. కావున ఆ పోలిక కాకతాళీయమనియే నా తలంపు.

మరి చూపు లేనివారందరికిని ఈ బాధ ఎందుకు లేదు? కన్ను ఒక పని గాక రెండు పనులు చేయుచున్నదని ఒప్పుకొనిననే ఈ ప్రశ్నకు సమాధానము దొరకును. 1995లో హార్వర్డునకు చెందిన చార్లెస్ జైస్లర్ ప్రభృతులు పదునొకండుగురు అంధులపై తీక్ష్ణమైన వెలుతురు ప్రసరింపజేసి, రాత్రివేళ మెదడు స్రవించు మెలటోనిన్ రక్తములో తగ్గునేమో యని చూచిరి. ముగ్గురిలో అది స్పష్టముగా తగ్గినది. వారిలో ఇద్దరికి కన్నులు కప్పి మరల పరీక్షించిరి, అప్పుడు తగ్గలేదు. ఏమియు కనబడుట లేదని చెప్పుచున్నవారి కన్నులే వెలుతురును మెదడునకు తెలుపుచున్నవన్నమాట! ఈ వింతకు మూలము 2002 నాటికి బయటపడినది: బ్రౌన్ విశ్వవిద్యాలయమునందు డేవిడ్ బెర్సన్ ప్రభృతులు, నేత్రపటలములో మెలనాప్సిన్ అను వర్ణద్రవ్యము గల కొన్ని కణములు, బొమ్మను చూచుటకు తోడ్పడు తక్కిన కణముల సాయము లేకుండగనే వెలుతురును పసిగట్టుచున్నవని నిరూపించిరి. చూపునకు మూలమైన కణములు నశించి ఇవి మాత్రము మిగిలినవానికి చీకటి బ్రతుకే అయినను నిద్ర చెడదు. నీటికాసులు ముదిరి నాడియే ఎండిపోయినవారికిని, రెండు కన్నులును తీసివేయబడినవారికిని ఆ మార్గము మూతబడును. ఇందుండి ఒక ఆచరణయోగ్యమైన సంగతి తేలుచున్నది: చూపులేని కన్ను పనికిరాని కన్నని తలచి, కేవలము అందముకొఱకు దానిని తీయించుకొనుటకు గాని, పగలెల్లను నల్లకండ్లద్దములు పెట్టుకొని యుండుటకు గాని ముందు, రాత్రినిద్ర యెట్లున్నదో వైద్యునితో ముచ్చటించుట మంచిది.

రోగనిర్ణయమునకు గొప్ప యంత్రములు అక్కరలేదు. ఒక కాగితముపై దినమునకొక గీత చొప్పున, పడుకొనిన వేళనుండి లేచిన వేళవఱకు నల్లగా పూయుచు పోయినచో చాలును. బ్రెయిలీలో వ్రాసికొనిన వేళలనుండి ఇంటిలో పిల్లవాడైనను దీనిని గీయగలడు. మామూలు నిద్రగలవాని నల్లగీతలు నెలపాటు ఒకదానిక్రింద ఒకటి నిలుచును. ఈ వ్యాధి గలవానివి ప్రతివరుసలోను కొంచెము కొంచెము కుడివైపునకు జరిగి, కాగితపు అంచు దాటి, మరల ఎడమనుండి బయలుదేరును. ఆ ఏటవాలును ఒకమారు చూచిన వైద్యుడు నిద్రమాత్ర వ్రాయుటకు సంకోచించును.

చికిత్స మెలటోనినే, నిద్రపుచ్చుటకు గాదు, వెలుతురు చేయవలసిన దిద్దుబాటును తాను చేయుటకు. ఇట్టి పనికే ఉద్దేశింపబడిన టాసిమెల్టియన్ అను మందును 2014లో అమెరికా ప్రభుత్వము అంగీకరించినది. అంతకు చాల మునుపే, 2000లో, ఆరిగన్ రాష్ట్రమునందు రాబర్ట్ శాక్, ఆల్‌ఫ్రెడ్ లూయీలు ఏడుగురు అంధులకు పడుకొనుటకు గంట ముందుగా 10 మిల్లీగ్రాముల మెలటోనిన్ ఇచ్చుచు రాగా, ఆరుగురి గడియారములు లోకముతో కుదిరినవి. కుదరని యేడవవాని దినము అందరిలోకి నిడుపైనది, 24.9 గంటలు. ఆ వ్యక్తికి మోతాదును 20 మిల్లీగ్రాములకు పెంచినను ఫలము లేకపోయెను. అర మిల్లీగ్రామునకు తగ్గింపగా కుదిరినది! మోతాదు పెద్దదైనప్పుడు మందు ఒంటిలో చాలసేపు నిలిచి, గడియారమును ముందునకు త్రోయు వేళ దాటి వెనుకకు లాగు వేళవఱకు వ్యాపించి, ఒకచేత చేసినదానిని మరియొకచేత చెఱిపివేయునని వారి వివరణము. కావున అంగడిలో దొరకినదే మందని తోచినంత మ్రింగుట గాక, ఎంతయో, ఏ వేళకో, గీతల కాగితము ముందు పెట్టుకొని వైద్యునిచేత నిర్ణయింపజేసికొనవలెను. కుదిరిన పిమ్మటను మానరాదు, మానిన కొలదికాలమునకే గీతలు మరల కుడివైపునకు సాగును.