చంద్రునిపై దిగుట: అంచనా, అదుపు

2023 ఆగస్టు 23వ తేదీ సాయంకాలము 6 గంటల 4 నిమిషములకు చంద్రయాన్-3 నౌక విక్రమ్ చంద్రుని దక్షిణ ధ్రువమునకు చేరువ ప్రాంతమున దిగినది. జూలై 14న శ్రీహరికోటనుండి బయలుదేరిన ఈ నౌకను చివరి ఘట్టమున భూమినుండి ఎవరును నడుపలేదు. చంద్రునినుండి వార్త వచ్చుటకే ఒక సెకనుకు పైగా పట్టును. ఆజ్ఞ పోవుటకు మరల అంతే. కావున తన స్థితిని అంచనా వేసికొనుట, తన్ను తాను అదుపు చేసికొనుట నౌక పనులే అయినవి.

ఇవి ఏల కష్టమో చూతము. ఇంధనము మండినకొలది నౌక బరువు తగ్గును. అదే తోపు మొదటికంటె చివర ఎక్కువ మార్పు కలిగించును. ఇట్లు కారణమునకు సమపాళ్ళలో ఫలితముండని వ్యవస్థ అరేఖీయ వ్యవస్థ. మరియు దిగుట పలు దశలుగా సాగును. సుమారు 30 కిలోమీటర్ల ఎత్తున వేగము తగ్గించుట మొదలగును. పిమ్మట కొన్ని సెకన్లు నౌక తన వాలు మార్చక నేలను పరిశీలించును. ఆపై నిలువుగా తిరిగి, తుదకు నేరుగా దిగును. ధారగా సాగు గమనము, తటాలున మారు దశలు కలిసినది సంకర వ్యవస్థ.

చీకటిలో గోదావరి దాటు పడవవాడు తెడ్డువేటులనుబట్టి తానెంత దూరము వచ్చెనో ఊహించును. ఒడ్డున దీపము కనబడగానే ఊహను సవరించుకొనును. దీపము మసకగానున్నచో ఊహనే ఎక్కువ నమ్మును. నమ్మకమును ఇట్లు పాళ్ళుగా పంచు గణితమును రుడాల్ఫ్ కాల్మన్ 1960లో ప్రకటించెను. త్వరణమును కొలుచు పరికరములు నౌకకు తెడ్ల లెక్క. నేలను చూచి ఎత్తును, వేగమును కొలుచునవి దీపములు.

అయినను 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 నౌక కూలినది. యంత్రముల తోపు అనుకొన్నదానికంటె అధికమై, దోషములు పోగుపడినవి. వాలు మార్చరాని దశలో వాటిని దిద్దుకొను వీలు లేకపోయెను. తరువాతి దశలో త్వరగా తిరుగవలసివచ్చెను. తిరుగు వేగమునకు హద్దు అడ్డువచ్చెను. దిగవలసిన చోటో, 500 మీటర్ల చదరము మాత్రమే.

చంద్రయాన్-3కు కొన్ని కిలోమీటర్ల మేర స్థలమును, అదనపు ఇంధనమును, వేగమును కొలుచు లేసరు పరికరమును సమకూర్చిరి. దోషము లేని కొలత లేదు. దశ మారు క్షణమున ఆ దోషమును దిద్దుకొనుటకు చోటు విడుచుటయే అదుపు శాస్త్రము మనకు నేర్పు పాఠము.